మాట వినే కారా, మాటలు చెప్పే కారా?

సెకండ్ హ్యాండ్ కారు కొనబోతున్న అయ్యలకూ అమ్మలకూ ఒక హెచ్చరిక! పొరపాటున కూడా పాత మోడల్ కొనకండి. కాపురాలు పాడైపోతాయి!

నవ్వకండి. పాత మోడల్ కారులో ఏముంటుంది? తాళం పెడితే తలుపు తెరుచుకుంటుంది. తిప్పితే ఇంజను లేస్తుంది. బటన్ నొక్కితే చల్లగాలి వస్తుంది. మనం ఎక్కడికి పొమ్మంటే అక్కడికి నోరు మూసుకుని పోతుంది. ఇంతకంటే అన్యాయం ఉంటుందా? ఇక ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాలు దేని గురించి దెబ్బలాడుకోవాలి? బావమరిది దేనిమీద తన పాండిత్యం చూపించుకోవాలి?

కొత్త మోడల్ అలా కాదు. అది మాట్లాడుతుంది, మందలిస్తుంది, అలుగుతుంది. ఇంట్లో మరో మనిషి ఉన్నట్టే ఉంటుంది. ఈ సత్యం తెలియక పాత మోడల్ కొనబోయి, తృటిలో తప్పించుకున్న ఒక కళ్ళజోళ్ళ షాపాయన సంగతి చెబుతాను, వినండి.

ఈయన వృత్తి ఏమిటంటే, పొద్దుటినుంచి సాయంత్రం దాకా మనుషుల్ని కుర్చీలో కూర్చోబెట్టి, కళ్ళముందు అద్దాలు మార్చి మార్చి పెడుతూ, "ఇది బాగుందా? అది బాగుందా?" అని అడగడం. చిన్నపిల్లలు కూడా టక్కున చెప్పేస్తారు. ఆయన్ని మాత్రం ఏ రెండింటి మధ్యా నిలబెట్టకూడదు. రెండు చొక్కాలు ముందు పెడితే బనీనుతోనే ఉండిపోయే రకం.

ఆయన ఇంటి కారు తండ్రి హయాం నాటిది. ఒకరోజు మెకానిక్ దాని బానెట్ దించి, రెండు చేతులూ జోడించి, "ఇక మీ ఇష్టం సార్" అన్నాడు. అదీ ఎప్పుడు? ఆయన తల్లికి మోకాలి ఆపరేషన్ అయి, ఫిజియోథెరపీకి తిప్పాల్సిన రోజుల్లో. ఆవిడ హైస్కూలు హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి. కర్ర పట్టుకుని నడుస్తున్నా, ఆ కర్ర నడకకో, వెనకటి అలవాటుకో ఎవరూ తేల్చి చెప్పలేకపోయేవారు.

సరే, పాతకార్ల షాపుకి వెళ్ళారు. కళ్ళజోళ్ళాయన, బ్యాంకులో పనిచేసే భార్య, ఆవిడ తమ్ముడు. ఈ తమ్ముడికి కారు లేదు, లైసెన్సూ లేదు. కార్ల రివ్యూ వీడియోలు మాత్రం చూడనిది లేదు. పెద్దావిడని తీసుకెళ్ళలేదు. "మోకాలు కదమ్మా, నీకెందుకు శ్రమ" అన్నాడు కొడుకు.

షాపులో రెండు కార్లు పక్కపక్కనే ఉన్నాయి. కంపెనీ ఒకటే, పేరూ ఒకటే, తెలుపూ ఒకటే. ఒకటి పాత మోడల్. పైకప్పు నిటారుగా, తలుపులు బీరువా తలుపుల్లా బార్లా తెరుచుకుంటూ. ఇంకోటి దాని కొత్త మోడల్. పైకప్పు వెనక్కి జారిపోతూ, ముందు లైట్లు ఎర్రగా చూస్తున్నట్టు వాలుగా. కొత్త కార్లన్నిటికీ ఆ కోపం ఎందుకో! ఎవరేమన్నారని?

"రెండూ బంగారాలే సార్" అన్నాడు షాపు యజమాని. అతని మొహం మీద చిరునవ్వు అతికించినట్టు ఉంటుంది, రేటు చెప్పేటప్పుడు కూడా ఊడిపోదు.

"పాతదాంట్లో స్క్రీన్ లేదు బావా. చెత్త!" అన్నాడు బావమరిది.

భార్య డిక్కీ తెరిచి చూసింది. "కొత్తదాంట్లో స్టెప్నీ ఏది?"

"ఉండదు మేడం. పంక్చర్ కిట్ ఇస్తారు. కారు బరువు తగ్గించారు."

"బాగుంది! నన్నే తగ్గమంటున్నారనుకున్నా, కారునీ వదల్లేదన్నమాట" అందావిడ.

ఆవిడ మాట ఎవరూ పట్టించుకోలేదు. పాఠకులారా, స్టెప్నీ తీసెయ్యడంలో ఎంత దూరదృష్టి ఉందో చూడండి! టైరు పంక్చరయితే రోడ్డు పక్కన కుటుంబమంతా గంటల తరబడి కలిసి కూర్చోవచ్చు. ఈ రోజుల్లో అలాంటి అదృష్టం ఎందరికుంది?

ఇంటికొచ్చాక పెద్దావిడ ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "వెనకసీటు ఎత్తుగా ఉందా?"

"అమ్మా, దాంట్లో కనెక్టెడ్ టెక్నాలజీ ఉందమ్మా!"

"నేనడిగింది సీటు."

"అది కూడా కనెక్టయ్యే ఉంటుందిలే."

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని కొడుకు వైపు చూసింది. అటుమీద ఏమీ అనలేదు. అనలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే అని తీర్మానమైపోయింది. కళ్ళజోళ్ళాయన కొన్నాళ్ళు పాతదా కొత్తదా అని అటూ ఇటూ ఊగాడు. చివరికి బావమరిది "పాతది కొంటే నలుగురూ ఏమనుకుంటారు బావా?" అన్న మాటతో కొత్తదానివైపు ఒరిగిపోయాడు. ఆ నలుగురూ ఎవరో, ఏ సందులో ఉంటారో ఇంతవరకూ ఎవరికీ తెలియదు. మన ఇళ్ళలో నిర్ణయాలన్నీ మాత్రం వాళ్ళే చేస్తుంటారు!

కారు ఇంటికొచ్చింది. తలుపు తెరవగానే స్క్రీన్ వెలిగి, తీయటి గొంతుతో పలికింది: "స్వాగతం, డాక్టర్ గారూ!"

కళ్ళజోళ్ళాయన వెన్ను నిటారుగా అయింది. ఆయన డాక్టరు కాడు. ఎన్నేళ్ళు అద్దాలు మార్చినా ఒక్క మనిషీ ఆయన్ని డాక్టరు గారూ అన్న పాపాన పోలేదు. కారు అంది!

"అది మిమ్మల్ని కాదనుకుంటా. ఇదివరకటాయన్నేమో" అంది భార్య. "పేరు మార్పించండి."

"మారుద్దాంలే" అన్నాడాయన. మార్చలేదు. రోజూ పొద్దున్నే ఆ స్వాగతం వింటే కడుపు నిండినట్టుండేది.

ఇక ఆ కారు చేసిన మేలు ఒకటా రెండా? పక్కసీట్లో కళ్ళజోళ్ళ డబ్బాలు పెడితే, వాటికి సీటు బెల్టు కట్టమని ఊరుకోకుండా కూసేది. కూత భరించలేక ఆయన కట్టేవాడు. దారిలో వాళ్ళు చూసి, పాపం బంధువులు కాబోలు అనుకునేవారు. ఏసీ తగ్గించాలంటే స్క్రీన్‌లో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి, అక్కడినుంచి వంటింట్లోకి వెళ్ళినట్టు వెళ్ళాలి. అది వెతికేలోపు "రోడ్డు చూడండి" అని అదే మందలించేది. "ఏసీ తగ్గించు" అని నోటితో చెప్పి చూశాడు. "అక్కకి ఫోన్ చేస్తున్నాను" అంది. ఎవరి అక్కో! నిజంగానే ఫోన్ మోగింది. ఒకావిడ ఎత్తి, "ఒరేయ్, ఇన్నాళ్ళకి గుర్తొచ్చానా?" అని ఏడుపు అందుకుంది. కళ్ళజోళ్ళాయన ఆ అక్కని ఊరడించి, ఆరోగ్యం జాగ్రత్త అని చెప్పి మరీ పెట్టేశాడు. పాత మోడల్ ఏ జన్మలో అయినా ఇలా కొత్త బంధుత్వాలు కలుపుతుందా?

పెద్దావిడ మాత్రం ఎక్కినప్పుడల్లా ఆ వాలు కప్పుకి తల కొట్టుకునేది. కొట్టుకున్నాక కొడుకు "తల జాగ్రత్తమ్మా" అనేవాడు. పాతాళంలోకి దిగినట్టు సీట్లోకి దిగేది. లేవాలంటే ఇద్దరు పట్టుకోవాలి. ఫిజియోథెరపీలో మోకాలు ఎంత వంగితే, కారు దాన్ని అంత బిగించి పంపేది. వైద్యానికీ కారుకీ చక్కటి పోటీ!

అలాంటి ఒక ఎండపొద్దున, వ్యాయామం అయ్యాక ఆవిడని వెనక కూర్చోబెట్టి, బావాబావమరుదులు ఇద్దరూ మందుల కౌంటరుకి వెళ్ళారు. తిరిగొచ్చేసరికి కారు తలుపు రాలేదు. తాళంచెవి మీట నొక్కారు. రాలేదు. ముందు స్క్రీన్ మీద అద్దంలోంచి కనిపించేలా పెద్ద అక్షరాలు వెలుగుతున్నాయి: "యజమాని తాళం వేశారు."

"యజమానిని నేనేగా!" అన్నాడు కళ్ళజోళ్ళాయన, కారుతో.

కారు నమ్మలేదు.

జరిగిందేమిటంటే, ఊళ్ళో ఇంకో మూల, ఈ కారు మొదటి ఓనరు, ఒక పళ్ళ డాక్టరు, ఎవరిదో దంతం పట్టుకుని ఉన్నాడు. జేబులో ఫోన్ గుయ్యిమంది: "మీ కారు తలుపు సరిగా పడలేదు." అమ్మేసిన కారు గురించి ఇలాంటి కబుర్లు ఆయనకి రోజూ వస్తూనే ఉన్నాయి. విసుగెత్తిపోయి, దాని నోరు మూయించడానికి ఫోన్‌లో 'తాళం' అన్నచోట గట్టిగా ఒక నొక్కు నొక్కాడు. అంతే! తలుపులన్నీ బిగిసిపోయాయి. దొంగలు జొరబడకుండా లోపలినుంచి కూడా తెరుచుకోవట. గొప్ప భద్రత!

లోపల పెద్దావిడ. బయట ఎండ. ఇంజను ఆగి ఉంది, ఏసీ లేదు. ఆవిడ అద్దం మీద అరచేత్తో కొడుతోంది. నోరు కదులుతోంది కానీ మాట వినపడదు. బయటి చప్పుడు లోపలికీ, లోపలిది బయటికీ పోదని వీడియోలో మెచ్చుకున్న అద్దాలు కదా అవి!

"అమ్మా! అమ్మా!" అంటూ కారు చుట్టూ తిరిగాడు కొడుకు. షాపు యజమానికి ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది.

ఆస్పత్రి వాచ్‌మన్ పరుగున వచ్చాడు, చేతిలో ఇటుకతో. "సార్, చెప్పండి, ఏ అద్దం పగలగొట్టాలి?"

అయ్యో, అడగకూడని మనిషిని అడగకూడని ప్రశ్న అడిగాడు! కళ్ళజోళ్ళాయన ముందు అద్దం వైపు చూశాడు. వెనక అద్దం వైపు చూశాడు. "పక్కదైతే అమ్మ మీద గాజు పడుతుందేమో... ముందుదైతే..." అని గొణిగాడు.

"ఉండు బావా, ముందు అద్దంలో సెన్సర్లు ఉంటాయి. ఏది తేలికో ఒక్క నిమిషంలో చూసి చెబుతా" అంటూ బావమరిది ఫోన్ తీశాడు. అద్దం అవతల తల్లి చెమటతో తడిసిపోతుంటే ఇవతల ఒక వీడియో, మొదట ప్రకటనతో, మొదలైంది.

ఆవిడ వాళ్ళిద్దరినీ చూసింది. ఇటుక పట్టుకుని ఎదురుచూస్తున్న వాచ్‌మన్‌నీ చూసింది. వీళ్ళతో అయ్యేది కాదని తెలిసిపోయినట్టుంది. కర్రని ముందు సీట్ల మధ్యలోంచి చాచి, పైకప్పు దగ్గరున్న, ఆపదలో కంపెనీకి ఫోన్ కలిపే ఎర్ర బటన్‌ని పొడిచింది. ఆ తర్వాత లోపల నడిచిన మాటలు ఆవిడ చెప్పగా తెలిసినవే.

"నమస్కారం డాక్టర్ గారూ! మీకెలా సహాయపడగలను?" అంది కంపెనీ అమ్మాయి.

"నేను డాక్టర్ని కాదు. తలుపు తియ్యమ్మా, ఊపిరాడటం లేదు."

"తప్పకుండా మేడం. మీరే యజమాని అని నిర్ధారించుకోవడానికి ఒక ఓటీపీ పంపించాను. చెప్పగలరా?"

"ఎవరికి పంపావు?"

"రిజిస్టర్డ్ నంబర్‌కి మేడం."

అంటే పళ్ళ డాక్టరుకి! "అయితే ఆయన్ని లైన్లో కలుపు" అంది పెద్దావిడ. కలిపారు.

"ఓటీపీ కావాలా? దొంగల్లారా! ఎవరికీ చెప్పొద్దని మీరేగా రోజూ మెసేజీలు పెడతారు!" అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

"మళ్ళీ కలుపు" అంది ఆవిడ. ఈసారి ఆయన నోరు తెరిచేలోపే, స్కూలు అసెంబ్లీలో వెనక వరసదాకా వినపడే ఆ పాత గొంతు బయటికి తీసింది.

"బాబూ! ఫోన్ పెట్టావంటే ఊరుకోను. నేను నీ కారులో ఉన్నాను. లోపల కొలిమిలా ఉంది. నీ ఓటీపీ నాకక్కర్లేదు. ఇందాక ఏం నొక్కావో అది మళ్ళీ నొక్కు."

"నా కారా? నేను ఆ కారు అమ్మేశానండీ!"

"నువ్వు అమ్మావు. మావాడు కొన్నాడు. దానికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. నొక్కు!"

తలుపులు తెరుచుకున్నాయి.

కొడుకు ఆవిడని బయటికి లాగి, నీడలో బెంచీ మీద కూర్చోబెట్టి, నీళ్ళు పట్టాడు. కళ్ళనీళ్ళు ఆగలేదు. ఆవిడ నీళ్ళు తాగి, తడిసిన కళ్ళజోడు తుడిచి పెట్టుకుని, మెల్లగా అడిగింది:

"ఏ అద్దమో తేల్చుకున్నావురా?"

ఆయన తల దించుకున్నాడు. వాచ్‌మన్ మొహం తిప్పుకుని ఇటుక కింద పెట్టాడు. బావమరిది వీడియో ఆపాడు. జీవితంలో మొదటిసారి.

సాయంత్రం పళ్ళ డాక్టరు వెతుక్కుంటూ ఇంటికే వచ్చాడు. పాపం, మంచివాడు. పెద్దావిడకి పదే పదే క్షమాపణ చెప్పి, తన పేరు తీసేయించడానికి కంపెనీకి అక్కడినుంచే ఫోన్ చేశాడు. వెళ్ళేముందు కళ్ళజోళ్ళాయన చెయ్యి పట్టుకుని, "మా అక్కతో మీరే మాట్లాడారటగా? ఈ మధ్య నాకంటే మిమ్మల్నే మెచ్చుకుంటోంది" అన్నాడు.

ఇక కొత్త యజమాని పేరు రాయించాలి. కంపెనీ అమ్మాయి నిబంధన చెప్పింది: ప్రధాన యజమాని ఒక్కరే ఉండాలి. మిగతావాళ్ళంతా అతిథి డ్రైవర్లు. వాళ్ళు బండి తీసిన ప్రతిసారీ ప్రధాన యజమాని ఫోన్‌కి కబురొస్తుంది. ఆ ఫోన్‌లో సరే అని నొక్కితేనే కారు కదులుతుంది.

కళ్ళజోళ్ళాయన గొంతు సవరించుకుని తన నంబరు మొదలెట్టాడు.

"ఆగు" అంది తల్లి. "నా నంబరు చెప్పు."

భార్య ముసిముసిగా నవ్వి, అత్తగారి నంబరు తనే గబగబా చెప్పేసింది.

ఇప్పుడు చెప్పండి పాఠకులారా, కొత్త మోడల్ వరమా కాదా? అదే పాత మోడల్ కొని ఉంటే ఏమయ్యేది? తాళంచెవి కొడుకు జేబులో, తల్లి వెనకసీట్లో. ఇంట్లో పెద్దల మాట చెల్లడానికి వయసు చాలదు, అనుభవం చాలదు, కనిపెంచిన హక్కూ చాలదు. ఒక పాస్‌వర్డ్ ఉండాలి! అది ఇచ్చిన కంపెనీని మెచ్చుకోవద్దూ? కాబట్టి అందరూ కొత్త మోడలే కొనండి. మీ అమ్మని ఒక్క మాట అడగడం మీవల్ల కాదని తెలిసినవాళ్ళైతే, తప్పకుండా కొనండి.

కళ్ళజోళ్ళాయన మాత్రం రోజూ పొద్దున్నే ఆ కోపపు మొహం కారులో కూర్చుని, ఇంట్లోకి ఫోన్ చేస్తాడు.

"అమ్మా, కాస్త నొక్కమ్మా."

"ఎక్కడికి?"

"షాపుకే."

"నేనెక్కడికైనా వెళ్ళాలేమో అడిగావా?"

ఆయన పెట్టుకున్న సీటు బెల్టు విప్పాడు.

"వెళ్ళాలా అమ్మా?"

"వెళ్ళాలి. చెప్పులేసుకుంటున్నా, ఉండు."