బరువు చక్కెర కేసులో ఆరో గిన్నె

“నేరం ఎక్కడ ఊపిరి పీల్చినా ఆ గాలి నా ముక్కుకు తగులుతుంది. ఈ ఊరికి ఇంకా తెలియలేదు గానీ, నాలాంటి బుర్ర వందేళ్లకొకటి పుడుతుంది” అని బాబాయి గంభీరంగా ప్రకటించాడు. ప్రకటన బాగానే ఉంది. కాకపోతే ఆయన అది చెప్పింది తలుపు వెనక వేలాడుతున్న రెయిన్‌కోటుకి.

“నేనిక్కడున్నాను బాబాయ్” అంది వెనక కుర్చీలోంచి అన్న కూతురు.

“తెలుసు. కోటుని పరీక్షిస్తున్నా” అన్నాడాయన, ఏమాత్రం తొణక్కుండా.

బాబాయిది కళ్లజోళ్ల దుకాణం. ఊళ్లో సగంమందికి చూపు సరిచేశాడు గానీ తనవి మాత్రం పదేళ్లనాటి అద్దాలే. డిటెక్టివ్ పని తీరికవేళల్లో. ఇప్పటిదాకా ఛేదించిన కేసు ఒకే ఒక్కటి, పిన్ని బీరువా తాళాలు పోయిన కేసు. అవి ఆయన జేబులోనే దొరికాయి. దొంగకి ఎంత గుండెధైర్యం ఉంటే నా జేబునే ఎంచుకుంటాడని ఇప్పటికీ ఆశ్చర్యపోతుంటాడు.

అలాంటి మనిషి దగ్గరికి అమ్మాయి కావాలని వెళ్లలేదు. పిన్ని ఒళ్లో తలపెట్టుకుని ఏడుస్తుంటే ఆయన విన్నాడు. విన్నాక ఆపడం ఎవరి తరం?

ఆమె ఏడుపుకి కారణం చక్కెర. ల్యాబ్‌లో ఆమె పని, జీవకణాలు తిన్న తిండిని ఏం చేసుకుంటాయో కనిపెట్టడం. అందుకని మామూలు కార్బన్‌కి బదులు కాస్త బరువెక్కువ ఉన్న పదమూడో నంబరు కార్బన్‌తో తయారైన చక్కెర పెడుతుంది. కణాలకి తేడా తెలియదు, హాయిగా తినేస్తాయి. రాత్రంతా తిన్నాక మర్నాడు మధ్యాహ్నం వాటిని తీసి, అణువుల బరువు తూచే యంత్రంలో పెడితే, ఆ బరువు కార్బన్ ఎక్కడెక్కడికి చేరిందో తెలిసిపోతుంది.

తెలియాలి. మూడుసార్లు చేసింది, మూడుసార్లూ యంత్రం సున్నా చూపించింది. గైడు మేడం కళ్లజోడు పైనుంచి చూసి, “అసలు చక్కెర వేశావా?” అని అడిగింది. మూడేళ్లు రాత్రనక పగలనక పనిచేసిన పిల్లని అడగాల్సిన మాటేనా అది? సీసాలో ఇంకొక్కసారికి సరిపడా చక్కెర మిగిలింది. ఈసారీ సున్నా వస్తే ఆ అంశం వదిలేసి మొదటి నుంచి మొదలెట్టమంది మేడం.

బాబాయి అంతా విని కళ్లు మూసుకున్నాడు. నిద్రపోయాడేమోనని పిన్ని గిల్లింది.

“చక్కెరని ఎవరో మింగేస్తున్నారు. బరువు చక్కెర తిన్నవాడు బరువెక్కక ఏమవుతాడు? తూస్తే దొరికిపోతాడు.”

అమ్మాయి నెత్తీ నోరూ కొట్టుకున్నా వినలేదు. మర్నాడే బరువు తూచే మిషను చంకలో పెట్టుకుని, ఉచిత ఆరోగ్య పరీక్ష అంటూ ల్యాబ్ వరండాలో దిగాడు. ఒక్కొక్కరినీ ఎక్కించి, పుస్తకంలో రాసుకుని, అనుమానంగా పొట్టలు చూశాడు. అందరికన్నా బరువు తేలింది గైడు మేడం. ఆ రహస్యాన్ని ఆవిడ చెవిలోనే చెప్పబోతుంటే అమ్మాయి ఆయన రెక్క పుచ్చుకుని గేటు దాకా లాక్కొచ్చి, ఇంకోసారి ఇటు వస్తే బాబాయన్న మాట మరిచిపోతానని చెప్పేసింది. ఆ మాట అన్నందుకు ఇంటికెళ్లేదాకా ఆమెకే బాధగా ఉంది.

ఆ సాయంత్రం మిగిలిన చక్కెరంతా కలిపి ఆరు గాజు గిన్నెల్లో కణాలకి పోసింది. మర్నాడు పొద్దున్నే జూనియర్లకి పాఠం చెప్పడానికి వెళ్లింది. సగం పాఠంలో ఫోను మోగింది.

“అమ్మాయ్, నా వేషం అదిరింది” అని గుసగుసలాడాడు బాబాయి. “తెల్లకోటు వేసుకుని మీ ల్యాబ్‌లోనే ఉన్నా. ఇక్కడి మనిషినే అనుకుని, మీరంతా అక్కా అని పిలిచే ల్యాబ్ ఆవిడ నాకు పని కూడా అప్పజెప్పింది.”

“ఏం పని?”

“పసుపు రంగుకి తిరిగిన గిన్నెల్లో పాతనీళ్లు తీసేసి, పెద్ద సీసాలోని ఎర్రనీళ్లు పొయ్యాలట. ఇక్కడ రోజూ ఎవరో ఒకరి వంతట.”

అమ్మాయికి అప్పుడర్థమైంది. కణాలు తింటున్నకొద్దీ వాటి ఎర్రటి ద్రవం పులిసి పసుపెక్కుతుంది. పసుపెక్కిన గిన్నె ఎవరిదైనా సరే, ఆ పూట వంతువాళ్లు మామూలు చక్కెర కలిసిన కొత్త ద్రవం పోసేస్తారు. ల్యాబ్ పుట్టినప్పటి నుంచీ అదే అలవాటు. ప్రతి శనివారం తనూ అందరి గిన్నెలకీ అదే చేస్తుంది. తన గిన్నెలకీ ఎవరో చేస్తుంటారని ఒక్కనాడూ తట్టలేదు. బరువు చక్కెరంతా ఎప్పటికప్పుడు సింకులోకి పోతోంది.

పాఠం అక్కడే వదిలేసి పరుగెత్తింది. బాబాయి నాలుక బయటపెట్టి రెండో గిన్నె మూతతో కుస్తీ పడుతున్నాడు.

“ఎన్ని మార్చావ్?”

“ఒక్కటే. చివర్నుంచి మొదలెట్టా. ఈ మూతకే పావుగంట పట్టింది.”

ల్యాబ్ అక్క విషయం విని నోటిమీద చెయ్యి వేసుకుంది. “ఆకలితో మాడుతున్నాయని నీవి ముందు మార్చేదాన్నమ్మా” అంది. ఆవిడ కళ్లలో నీళ్లు చూసి అమ్మాయి ఆవిడ్ని కావలించుకుంది.

మధ్యాహ్నం ఆరు గిన్నెలూ యంత్రానికి వెళ్లాయి. మూడోరోజు మేడం ఫలితాల కాగితం ముందేసుకుని ఒక్కో అంకె మీదా వేలు పెడుతూ చదివింది. అయిదు గిన్నెల్లో బరువు కార్బన్ పుష్కలంగా ఉంది. ఆరోది మాత్రం సున్నా, అచ్చం మునుపటి మూడుసార్లలాగే. అమ్మాయి చెప్పిందంతా నిజమనడానికి ఇంకో సాక్ష్యం అక్కర్లేకపోయింది.

“నిన్ను అలా అడిగి ఉండాల్సింది కాదు” అంది మేడం. తరవాత ఆరో అంకె మీద వేలుపెట్టి, కావాలని చేసినా పోలికకి ఇంత చక్కగా కుదిరేది కాదని, దాన్నీ థీసిస్‌లో పెట్టమని చెప్పింది. ఆ సాయంత్రమే మందపాటి కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి తలుపుకి అంటించారు: గిన్నె ఎవరిదో వాళ్లనడక్కుండా ముట్టుకోరాదు.

థీసిస్ అచ్చయిన రోజున అమ్మాయి నేరుగా కళ్లజోళ్ల దుకాణానికి వెళ్లి ఆ పేజీ తెరిచింది. అయిదు గిన్నెలకీ అయిదు నిలువు గీతలు, పక్కన ఆరోదాని చోట ఖాళీ జాగా. బాబాయి భూతద్దం పెట్టి ఆ ఖాళీని అటూ ఇటూ వెతికాడు.

“ఇక్కడేం లేదేమిటే?”

“అది నీ గిన్నె బాబాయ్. అదే నన్ను కాపాడింది.”

ఆయన భూతద్దం దించి, వేళ్లతో మీసం సవరించుకున్నాడు.

“చూశావా, నా పనిలో ఆనవాలన్నది మిగలదు.”