గుర్రం వారి తుమ్ము

గుర్రం భావనారాయణ ప్రభుత్వ లెక్కల్లో గుర్రమైన మర్నాడు పొద్దున్నే ఆయన భార్య కోటేశ్వరికి తుమ్ములు మొదలయ్యాయి. ఇందులో ఆశ్చర్యపోవలసిందేమీ లేదు. కోటేశ్వరికి చిన్నప్పటి నుంచీ గుర్రం పడదు. జట్కాబండి వీధి మలుపు తిరగకముందే ఆమె ముక్కు ఎర్రబడేది. పెళ్ళినాడు భావనారాయణ గుర్రమెక్కి ఊరేగి వస్తే అడ్డుతెర అవతల నుంచి తుమ్ములు వినిపించాయి. ముహూర్తం దాటిపోతోందని పురోహితుడు మొత్తుకుంటున్నా వినకుండా పెళ్ళికొడుకు పీటల మీంచి లేచి, నూతి దగ్గర తలారా స్నానం చేసి, వేరే పంచె కట్టుకుని వచ్చి తాళి కట్టాడు. అప్పటికీ ఆమె దగ్గర ఓ తుమ్ము మిగిలే ఉంది. అది గట్టిమేళంలో కలిసిపోయింది. గట్టిమేళం ఉన్నదే అందుకు.

ఆ తర్వాత తన ఇంటిపేరు కూడా గుర్రమైనా ఆమె ఒక్కసారి కూడా తుమ్మలేదు. ఇంటిపేరు వేరు, గుర్రం వేరు అన్న సంగతి ముక్కుకు తెలుసు.

వార్డు ఆఫీసుకు అంత తెలియదు. పశుగణనకు వచ్చిన అమ్మాయి గేటు దగ్గర నిలబడేసరికి కోటేశ్వరి కూరగాయలకు వెళ్ళి ఉంది. కుట్టుమిషన్లు బాగుచేసే భావనారాయణ అప్పుడే బిగించిన మిషన్ను తొక్కి చూసుకుంటున్నాడు.

"ఇంట్లో ఏమున్నయ్యండీ?" అని ఆ అమ్మాయి కేకేసింది.

మిషన్ చప్పుడులో ఆయనకది "ఇంటిపేరేందండీ?" అని వినపడింది.

"గుర్రం!" అన్నాడు తొక్కుడు ఆపకుండా.

"ఎన్నండీ?"

ఇంట్లో ఎంతమంది ఉన్నారని అడుగుతోంది కాబోలు అనుకుని, "ప్రస్తుతానికి నేనొక్కణ్ణే!" అన్నాడు.

ఆ అమ్మాయి చేతిలోని ట్యాబులో రెండు నొక్కులు నొక్కి, గోడకు 'గుర్రం - 1' అన్న స్టిక్కరు అంటించి, పక్కింటికి వెళ్ళిపోయింది. ఆమెను అనడానికేమీ లేదు. అడిగింది, చెప్పాడు, రాసుకుంది.

పూలరేవులో ఇలాంటివి మామూలే. ఆఫీసులో ఎలా ఎక్కితే మనిషి అలా సర్దుకుపోవడం ఆ ఊరి పద్ధతి. వయసు దగ్గర ఒక అంకె ఎగిరిపోయి నాలుగేళ్ళవాడైన రిటైర్డు పోస్టుమాస్టరుగారు రోజూ అంగన్‌వాడీకి వెళ్ళి, గుడ్డు తిని, చాప మీద కాసేపు కునుకు తీసి వస్తున్నారు. ఈమధ్య ఆయనకు పాలపళ్ళు కూడా వస్తున్నాయట.

భావనారాయణలో పైకి ఏ తేడా లేదు. అదే బట్టతల, అదే పొట్ట, చెవిమీద అదే పెన్సిలు. తనలో గుర్రం ఎక్కడుందో చూడాలని ఆయనకే ముచ్చటపుట్టింది. మొగుడూ పెళ్ళాం వంటింట్లో కూర్చుని పరీక్ష మొదలుపెట్టారు. ఆయన తువ్వాలు ఆమె ముక్కు దగ్గర పెట్టి చూశారు. ఏమీ కాలేదు. చొక్కా, కళ్ళజోడు, చెప్పులు కూడా చూశారు. వాటికీ ఏమీ కాలేదు. చివరికి ఆయన తన అరచెయ్యి పెట్టాడు. కోటేశ్వరి తల ఎగిరిపడేలా తుమ్మింది.

"చెయ్యా?" అన్నాడాయన.

"మొత్తం మీరేనండీ," అంది ఆమె, పైటచెంగుతో ముక్కు తుడుచుకుంటూ. "మీ వస్తువులకేం లేదు."

ఆ మాటకు భావనారాయణ మనసు చివుక్కుమంది. వస్తువులు మనిషివీ, మనిషి గుర్రమూ కావడం ఆయనకు అన్యాయమనిపించింది. కానీ దగ్గరగా ఉంటే తుమ్ములు ఆయాసంలోకి దిగుతున్నాయి. డాక్టరు చెవిగొట్టం పెట్టి విని, ఇంట్లో అయితే గుర్రమైనా ఉండాలి, లేకపోతే ఈవిడైనా ఉండాలి, ఇద్దరూ ఉంటే ఊపిరితిత్తులు ఎన్నాళ్ళో ఆగవన్నాడు. భావనారాయణ తన మంచం వసారాలో వేసుకున్నాడు. కోటేశ్వరి కంచం గుమ్మంలో పెట్టి గబగబా లోపలికి వెళ్ళిపోయేది. ఇంతకాలం ఒక్క పూటైనా విడిచి ఉండని మనుషులు, గోడకు అటొకరు ఇటొకరు కూర్చుని మాట్లాడుకోవలసి వచ్చింది.

పక్కింటి కామాక్షమ్మకు ఇది మంచి కాలక్షేపమైంది. "ఏం భావనారాయణా, పనేం లేదా, గుడ్డిగుర్రానికి పళ్ళు తోముతున్నావా?" అని పలకరించి, వెంటనే నాలిక కరుచుకుని, "సొంత పళ్ళేలే," అనేది. ఆయన ఆమెకు తన కథ చెబుతూ "నేను గుర్రమంటమ్మా" అన్నాడో లేదో, లోపల కోటేశ్వరి తుమ్మింది. మాట మీద తుమ్ము పడితే ఆ మాట నిజమని పెద్దల నమ్మకం. కామాక్షమ్మ చిటికె వేసి "సత్యం!" అంది.

తప్పు దిద్దించుకోవాలంటే ఆఫీసుకు వెళ్ళాలి. చిక్కు అక్కడే వచ్చింది. భావనారాయణ చెప్పుల్లో కాలు పెట్టగానే, సాగనంపడానికి గుమ్మంలోకి వచ్చిన కోటేశ్వరి తుమ్మేది. బయల్దేరేటప్పుడు తుమ్మితే వెళ్ళకూడదు. ఆయన వెనక్కి వచ్చి, కూర్చుని, మంచినీళ్ళు తాగి, మళ్ళీ లేచేవాడు. మళ్ళీ తుమ్ము. జంట తుమ్ము అయితే దోషం లేదంటారు గనక ఆమె రెండోది తెచ్చుకోవాలని నశ్యం కూడా పీల్చింది. వస్తే మూడు వచ్చేవి, లేకపోతే ఒక్కటే. నీళ్ళు తాగుతుండగానే ఆఫీసు కట్టేసేవాళ్ళు.

"నువ్వు లోపలే ఉండరాదూ?" అన్నాడొకసారి.

"మీరు బయటికెళ్తంటే ఎదురు రాకుండా ఎట్టా ఉంటానండీ? అరిష్టం కాదూ?" అంది కోటేశ్వరి.

అది నిజమే. భార్య ఎదురు రాకపోతే అరిష్టం, వస్తే తుమ్ము. చివరికి పెళ్ళి జ్ఞాపకం వచ్చి భావనారాయణ సన్నాయివాళ్ళను పిలిపించాడు. ఆయన చెప్పులు తొడుక్కుంటుంటే గుమ్మంలో గట్టిమేళం మోగింది. కోటేశ్వరి తుమ్మిందో లేదో ఎవరికీ తెలియలేదు. ఆయన వీధి దాటాడు.

వార్డు ఆఫీసు గుమాస్తా మర్యాదస్తుడు. అంతా విని, "మీరు చెప్పింది సబబుగానే ఉంది. కానీ గుర్రం చెప్తే తీసుకునే వీల్లేదు. యజమాని రావాలి," అన్నాడు.

"నాకు యజమానెవరండీ?"

గుమాస్తా తెర మీద చూశాడు. "గుర్రం కోటేశ్వరిగారు. ఆ ఇంట్లో మిగిలిన మనిషి ఆవిడేగా."

మర్నాడు కోటేశ్వరి వెళ్ళింది. గుమాస్తా ఆమెకు కుర్చీ వేయించాడు.

"తీసెయ్యటానికి మూడే కారణాలమ్మా. చచ్చిపోయిందా, అమ్మేశారా, తప్పిపోయిందా?"

"మూడూ కాదండీ. ఆయన మా ఆయన."

"ఆ కారణం దీన్లో లేదమ్మా," అన్నాడతను నిజంగానే నొచ్చుకుంటూ. "చచ్చిపోయిందని పెడితే ఇప్పుడే అయిపోద్ది."

కోటేశ్వరికి పోస్టుమాస్టరుగారి పాలపళ్ళు గుర్తొచ్చాయి. చెయ్యి పసుపుతాడు మీదికి పోయింది. వద్దంది. అమ్మేశామంటే కొన్నవాళ్ళు వచ్చి తోలుకుపోతారు. తప్పిపోయిందంటే వెతికి పట్టుకొచ్చి మళ్ళీ గుర్రంగానే అప్పజెబుతారు.

"అసలు మీ ఇబ్బందేందమ్మా?"

"నాకు గుర్రం పడదండీ. తుమ్ములు, ఆయాసం. చిన్నప్పటి నుంచీ."

గుమాస్తా చాలాసేపు వెతికాడు. తర్వాత మంచి కబురు చెప్పేవాడిలా నవ్వి, తెర ఆమె వైపు తిప్పాడు. "మీకు అట్టాంటిదేం లేదమ్మా. ఇదుగో చూడండి, పడనివి అన్నచోట 'లేదు' అనుంది."

కోటేశ్వరి ఆ 'లేదు' వంక చూసింది. దారి పొడుగునా ముక్కుకొసన నిలిచి ఉన్న తుమ్ము మెల్లగా వెనక్కి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి ఆమె వసారాలో ఆయన పక్కన, మంచం మీదే కూర్చుంది. అలవాటు కొద్దీ భావనారాయణ మంచం ఆ చివరికి జరిగాడు. ఆమె ఆయన చెయ్యి లాగి ముక్కుకు ఆనించుకుంది. ఏమీ కాలేదు. భావనారాయణ చిన్నపిల్లవాడిలా ఏడ్చేశాడు.

"ఎట్టా తగ్గిందే?"

"తగ్గలేదండీ. అసలు లేదంట."

ఆ రాత్రి మంచం లోపలికి వెళ్ళింది. కోటేశ్వరి కళ్ళు నీళ్ళు కారుతూనే ఉన్నాయి, ముక్కులో చీమలు పాకుతూనే ఉన్నాయి, గుండెలో ఏదో బిగుసుకుని అలాగే ఉండిపోతోంది. తుమ్ము మాత్రం లేదు. డాక్టరు కూడా తెర చూసి, చాలా బాగున్నారన్నాడు.

ఇప్పుడిక ఎన్నిసార్లయినా ఆఫీసుకు వెళ్ళవచ్చు. భావనారాయణ ఒకరోజు చెప్పులు తొడుక్కున్నాడు. కోటేశ్వరి ఎదురొచ్చింది. ఇద్దరూ కాసేపు ఆగారు. ఏ చప్పుడూ లేదు. అయినా ఆయన అడుగు పడలేదు. తనది దిద్దబోయి వాళ్ళు ఆమెది కూడా కెలికితే? ఆ 'లేదు' ఎక్కడైనా 'ఉంది' అయితే? ఆయన వెనక్కి వచ్చి, కూర్చుని, మంచినీళ్ళు తాగాడు. ఆమె గిన్నెలో ఉలవ గుగ్గిళ్ళు తెచ్చింది. ఎప్పటికన్నా రుచిగా ఉన్నాయని ఆయన మారు పెట్టించుకున్నాడు.

తర్వాతి పశుగణనకు మళ్ళీ ఆ అమ్మాయే వచ్చింది. ఈసారి మిషన్ ఆగి ఉంది. ఆమె గొంతు గంట కొట్టినట్టు వినపడింది.

"ఇంట్లో ఏమున్నయ్యండీ?"

భావనారాయణ లోపలికి చూశాడు. కోటేశ్వరి బియ్యం ఏరుతూ చేతిలోవి చేతిలోనే ఉంచి, ఆయన వైపు చూస్తోంది. కళ్ళ నిండా నీళ్ళున్నాయి. ఊపిరి మాత్రం పైకి మామూలుగానే ఆడుతోంది.

"గుర్రం," అన్నాడాయన. "ఒక్కటే."

ఆ అమ్మాయి రెండు నొక్కులు నొక్కింది. గోడ అవతల కామాక్షమ్మ చిటికెకు వేళ్ళు జోడించి చాలాసేపు ఎదురుచూసింది. ఎవరూ తుమ్మలేదు.