ఫస్ట్ ఆయనకి, రెస్ట్ ఆవిడకి

బ్రాకెట్ మాస్టారంటే కాలేజీలో తెలియనివాళ్ళు లేరు. లెక్కలు చేసిపెట్టే ఓ కంప్యూటర్ భాషని పిల్లలకి నేర్పడం ఆయన ఉద్యోగం. ఆ భాషలో ఏ సరుకునైనా ఫ్లవర్ బ్రాకెట్ల మధ్య వరసగా పేరిస్తే లిస్టవుతుంది. పేర్చీ పేర్చీ ఆయన మీసాలు కూడా ఆ వంపే తిరిగాయని పిల్లలు చెప్పుకుంటారు.

"ఇన్నేళ్ళలో ఈయన ఇంటికి తెచ్చిన ఫ్లవర్లు అవొక్కటే" అంటుంది ఆయన భార్య. మాస్టారు రాసే పాఠాల్లో తప్పులు దిద్దేది ఆవిడే.

ఓ సాయంత్రం దిద్దుతూ దిద్దుతూ ఆవిడ తలెత్తింది.

"ఏవండీ, ఆదివారం నాకు రెస్ట్ కావాలి. అక్క రైలు మారడానికి మన స్టేషన్లో దిగుతోంది. మధ్యాహ్నం దాకా ఉంటుందట. మళ్ళీ ఎప్పుడు చూస్తానో ఏమో."

ఆదివారం నిద్రంటే మాస్టారికి ప్రాణం. పైగా ఆ పూటే ప్రిన్సిపాలుగారిని భోజనానికి పిలిచి కూర్చున్నారు. చప్పున బుర్ర వెలిగింది.

"దానికేం భాగ్యం! ఇంటిపనులన్నీ చెప్పు, లిస్టు చేస్తాను. కంప్యూటరే పంచుతుంది. ఫస్ట్ నాకు, రెస్ట్ నీకు."

"నిజంగా? రెస్ట్ నాకేనా?"

"అక్షరాలా!"

ఆవిడ మొహం చేటంతయింది. అక్క కోసం అల్లుతున్న స్వెట్టరు ఆదివారం లోపే పూర్తిచేసేసింది.

ఆదివారం పొద్దున్నే కాగితం చేతికొచ్చింది. ఫస్ట్: కుండీలకి నీళ్ళు పోయడం. రెస్ట్: వంట, దుప్పట్లు ఉతకడం, అలమరాలు తుడవడం, ఇస్త్రీ, బాత్రూము కడగడం...

"ఇదేమిటండీ? రెస్టన్నారుగా!"

"రెస్టేనోయ్! మా భాషలో రెస్టంటే మొదటిది పోను మిగతావన్నీ. నువ్వు దిద్దిన పాఠంలోనే ఉంది."

"కుండీల్ని పైన పెట్టిందెవరు?"

"అదేదో పైకొచ్చింది. పంచింది కంప్యూటరు. దానికి పక్షపాతముంటుందా?"

ఇంతలో వాన మొదలైంది. కుండీల పని కూడా తీరిపోయింది. మాస్టారు వానకో దణ్ణం పెట్టి దుప్పటి ముసుగు తన్నారు. ఉతకాల్సిన దుప్పట్లలో అదీ ఒకటి.

ఆవిడ కొంగు బిగించింది. వచ్చేది ప్రిన్సిపాలుగారు, వంట మానడానికి లేదు. ఒక్కో పనీ ముగించి, పొయ్యి కట్టేసి, గొడుగేసుకుని స్టేషన్‌కి పరిగెత్తింది. తిరిగొచ్చేసరికి స్వెట్టరు పొట్లం చేతిలోనే ఉంది.

"రైలు కదిలిపోయిందండీ. కిటికీలోంచి అక్క చెయ్యి మాత్రం కనిపించింది."

మాస్టారి నోటిదాకా వచ్చిన హాస్యం అక్కడే ఆగిపోయింది. ఆవిడ నాలుగు తిట్టుంటే బావుండేది. తిట్టకుండా వెళ్ళి ప్రిన్సిపాలుగారు విస్తుపోయేంత బాగా వడ్డించింది. మాస్టారికి ఒక్క ముద్దా దిగలేదు.

మర్నాటి నుంచి ఇంట్లో అవసరానికి మించి ఒక్క మాట లేదు. మళ్ళీ ఆదివారం వచ్చింది.

"ఇవాళా కంప్యూటరే పంచాలి. లిస్టు మాత్రం నేను టైపు చేశాను" అందావిడ.

మాస్టారు తల వంచుకుని సరేనన్నారు. ఎంత కష్టమైనది పైన పెట్టినా నోరెత్తకుండా చేసేద్దామనుకున్నారు, ఎటూ ఒక్కటేగా అని.

మీట నొక్కారు. ఫస్ట్ కింద వంట, దుప్పట్లు, అలమరాలు, ఇస్త్రీ, కుండీలు, అన్నీ బిలబిలమంటూ దిగాయి. రెస్ట్ కింద ఖాళీ ఫ్లవర్ బ్రాకెట్లు.

"ఇదేమిటోయ్!"

"మీ పాఠమేనండీ. లిస్టుని తీసుకెళ్ళి ఇంకో లిస్టులో పెడితే, బయటి బ్రాకెట్లకి అదంతా కలిపి ఒక్కటే వస్తువన్నారు. నేనింకో జత బ్రాకెట్లు తొడిగానంతే."

"మరి నీ రెస్టులో ఏమీ లేదే?"

"ఏమీ లేకపోవడాన్నే మా భాషలో రెస్టంటారు."

మాస్టారు చీపురు పట్టారు. దుప్పట్లు పిండేసరికి నడుం పట్టేసింది, ఇస్త్రీకొచ్చేసరికి వేలు కాలింది. ఇదంతా చేసి ఆవిడ స్టేషన్‌కెలా పరిగెత్తిందో తలుచుకుంటే కళ్ళు చెమర్చాయి. ఇస్త్రీ బట్టల కింద స్వెట్టరు పొట్లం అలాగే ఉంది. ఆయనకి తనమీద తనకే అసహ్యమేసింది.

"తప్పయిపోయిందోయ్. సెలవు పెడతాను. మీ అక్క దగ్గరికి మనమే వెళదాం."

"వెళదాం కాదు. టికెట్ ఫస్ట్‌కి" అంటూ తన గుండెల మీద వేలు పెట్టుకుంది. "రెస్ట్ ఇంట్లో ఉండి కుండీలకి నీళ్ళు పోస్తుంది."

ఆయన ఒక్క టికెట్టే కొన్నారు.

రైలెక్కే రోజున పొట్లం ఆయనే మోసుకొచ్చి చేతికందించారు. ఏదో చెబుదామని నోరు తెరిచేలోపు రైలు కదిలింది. కిటికీలోంచి ఆవిడ చెయ్యి మాత్రం కనిపించింది. అది కనుమరుగయ్యేదాకా మాస్టారు అక్కడే నిలబడ్డారు.

ఇంటికి వచ్చి కుండీలకి నీళ్ళు పోశారు. అప్పటికే జోరున వాన పడుతోంది.