వెలితి పత్రం

బుధవారం నీళ్ల మోటారు స్విచ్చి వేయబోయి కరెంటు కొట్టి చనిపోయిన తవిటినాయుణ్ని, శుక్రవారం పదిన్నరకి వార్డు ఆఫీసువాళ్లు పాత నకలు నుంచి మళ్లీ తీసి భార్యకు అప్పగించారు. మధ్యలో గురువారం సెలవు, లేకపోతే ఇంకో రోజు ముందే ఇచ్చేవారు.

చిక్కల్లా నకలు తేదీతో వచ్చింది. రోజూ సాయంత్రం ఐదింటికి మనిషిని ఒంటితో, జ్ఞాపకాలతో సహా దానంతటదే నకలు తీసుకునే ఏర్పాటు ఊళ్లో చాలామంది చేయించుకున్నారు. వేబ్రిడ్జిలో తూకం గుమాస్తాగా పనిచేసే తవిటినాయుడు మాత్రం ఈ వారం, వచ్చే వారం అంటూ గడిపేశాడు. అతని చివరి నకలు మాఘమాసంలోది. ఇప్పుడు ఆశ్వయుజం. ఎనిమిది నెలలు అతనిలో లేవు.

అలాంటివాళ్లకు వెలితి పత్రం ఉంటుంది. పోయిన కాలంలో ఏం జరిగిందో ఇంటివాళ్లు రాసిస్తారు. తిరిగొచ్చిన మనిషి చదివి సంతకం పెడతాడు. అక్కణ్నుంచి అదే జరిగినట్టు.

ఆదిలక్ష్మి తొమ్మిది పంక్తులు రాసింది. ఇంటికప్పు బాగుచేయించారు. గేదె ఈనింది. మీ అన్నయ్యతో మాటలు మానేశారు. ఏడో పంక్తి మీద తెల్లరంగు పూసి ఉంది.

"అన్నయ్యతో ఎందుకు మానేశాను?" అని అడిగాడు తవిటినాయుడు.

"ఏదో మాటామాటా వచ్చింది."

"ఇక్కడేటి కొట్టీసినావు?"

"తప్పు పడింది."

"ఇంకేటీ లేదా?"

ఆదిలక్ష్మి అతని వంక చూడలేదు. "ఇంతేనండీ. ఇంకేటుంటాది?"

ఆ గొంతు అతనికి తెలుసు. మూడేళ్ల కిందట ఈ వార్డు ఆఫీసులోనే, ఇదే బల్ల దగ్గర తనూ అలాగే అన్నాడు. విషజ్వరంతో పోయిన ఆదిలక్ష్మిని పద్నాలుగు నెలల పాత నకలు నుంచి తీశారు. ఆ పద్నాలుగు నెలల్లోనే వాళ్లకు ఆడపిల్ల పుట్టి, పదకొండు రోజులు బతికింది. ఏడాది నిండనివాళ్లకు నకలు తియ్యరు. తవిటినాయుడు ఆమె పత్రంలో పన్నెండు పంక్తులు రాశాడు, పాప గురించి తప్ప. పాత నకలు కాబట్టి ఆమె ఒంటి మీదా ఏ గుర్తూ లేదు. ఇరుగుపొరుగు మర్యాదస్తులు, ఎవరూ ఎత్తలేదు. ఆమె మళ్లీ నవ్వడం చూసి, మంచిపనే చేశాననుకున్నాడు.

ఇప్పుడు ఆ తొమ్మిది పంక్తులూ మరోసారి చదివాడు. తెల్లరంగు గోటితో గీకితే ఊడొచ్చేలా ఉంది. వేలు దానిమీద పెట్టి, తీసేశాడు. 'పై వివరాలు తప్ప మరేమీ జరగలేదు' అన్న చోట సంతకం పెట్టాడు.

ఆపరేటరు జలజ పత్రానికి ముద్ర వేసి, ఈసారైనా ఇద్దరికీ రోజువారీ ఏర్పాటు పెట్టేస్తానంది. కంప్యూటరులో పేర్లు కొట్టి ఆగింది.

"మీ ఇద్దరి నకళ్లూ ఒకదాంతో ఒకటి సరిపోవాలి. ఎక్కడైనా తేడా వస్తే మిమ్మల్ని పిలిచి అడగమంటారా, కంప్యూటరే సరిచేసీమంటారా?"

"అదే సరిచేస్తాది లెండి," అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

సాయంత్రం వాళ్లు బజారులో వంకాయలు ఏరుతున్నారు. ఐదు కొట్టింది, నకళ్లు తీసే వేళ. బజారంతా ఒక్క క్షణం కదలకుండా నిలబడింది. తర్వాత తక్కెళ్లు మళ్లీ ఊగాయి. ఆదిలక్ష్మి నోరు తెరిచి ఉంది, ఏదో చెప్పబోతున్నట్టు.

"ఏటి?" అన్నాడు తవిటినాయుడు.

ఆమె కాసేపు ఆలోచించింది. "ఏం లేదండీ," అని లేత కాయ ఒకటి తీసి సంచిలో వేసింది.