పుట్టబోయే బిడ్డ తన్ను

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు, వేరుశనగ పీకుళ్ళు ముగిసిన కార్తీకంలో, పుల్లయ్య పొద్దున్నే చద్దిసంగటి ముందు కూర్చుని, తిన్నట్టు చేసి లేచాడు. ఆ రోజు పని చిన్నదే. పెద్ద ఈరన్న గూడుబండిని ఒక పూటకు అడిగి తెచ్చి, తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చిన కూతురు తిరుపతమ్మను ఎనిమిది మైళ్ళ దూరంలోని బనగానపల్లె ఆసుపత్రికి చేర్చాలి. మంత్రసాని దౌలత్ బీ ముందురోజు కడుపు తడిమి, బిడ్డ తల పైన, కాళ్ళు కింద ఉన్నాయని, ఇది తన చేతిలో పని కాదని, ఆలస్యం చేయకుండా డాక్టరమ్మ దగ్గర ఉంచమని తేల్చి చెప్పింది. అప్పటి నుంచి పుల్లయ్యకు ముద్ద దిగడం లేదు.

భార్య ఓబులమ్మ గడప దాకా వచ్చి, బండి ఎందుకని ఈరన్న అడిగితే సంతకని చెప్పమంది. మళ్ళీ వీధి మలుపు దాకా వచ్చి అదే చెప్పింది. పుల్లయ్య మంచివాడే గాని ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. ఆ సంగతి ఆమెకు పెళ్ళయిన మూడోరోజే తెలిసిపోయింది.

పెద్ద ఈరన్న వసారాలో బోర్లా పడుకుని ఉన్నాడు. నడుం పట్టేసి మూడు నెలలైంది. ఆముదం రుద్దించుకున్నాడు, వేడి ఇటుకతో కాపడం పెట్టించుకున్నాడు, ఊళ్ళో ప్రతివాడి సలహా విన్నాడు. ఇక మిగిలింది ఒకటే, ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ చేత నడుం మీద మూడు తన్నులు తన్నించుకోవడం. అందరికీ తెలిసిన అలాంటి మనిషి కోడుమూరులో ఒకడుండేవాడు. అతను మొన్న ఉగాదికి పోయాడు. అటువంటి ఈరన్న ముందు నిలబడి పుల్లయ్య సంత అనబోయి, "బిడ్డ ఎదురుకాళ్ళతో ఉండాదన్నా, ఆసుపత్రికి తీసకపోవల్ల" అనేశాడు.

ఈరన్న మూడు నెలల్లో మొదటిసారి తల పైకెత్తాడు.

"ఆసుపత్రికి యాలప్పా? ఆ డాక్టరమ్మ బిడ్డను తిప్పేస్తాది. దేవుడిచ్చిన కాళ్ళను చేతులారా పోగొట్టుకుంటావా?"

బండి ఇవ్వనని చెప్పడమే కాదు, మొదటి తన్ను తనకేనని మాట కూడా తీసుకోబోయాడు. పుల్లయ్య అక్కడి నుంచి తప్పించుకుని ఇల్లు చేరేసరికి వార్త ఆయనకంటే ముందే చేరింది. వేరుశనగ పీకీ పీకీ ఊరు ఊరంతా వంగిపోయి ఉంది. వాకిట్లో నడుములు పట్టుకున్నవాళ్ళు ఇరవైమంది తేలారు. ఒకరు వంకాయలు తెచ్చారు, ఒకరు గిన్నెడు నెయ్యి తెచ్చారు. బట్టల మూట మోసి నడుం పోగొట్టుకున్న మాబు సాహెబ్ బిడ్డ చొక్కాకని మెత్తటి గుడ్డ చించి ఇచ్చి, తనను గుర్తు పెట్టుకోమన్నాడు. నాగక్క తన అత్తను మంచంతో సహా మోయించుకొచ్చింది. ఇంకా పుట్టని కాలి కోసం ఎవరు ముందు, ఎవరు వెనక అని తగువు మొదలైంది.

పుల్లయ్య వేరే బండి కోసం ఊరంతా తిరిగాడు. బళ్ళకు కరువు లేదు, ఇచ్చేవాళ్ళకే కరువు. దాసన్న ఎద్దు ఆ పూటే కుంటిదైంది. ఆంజనేయ బండికి చక్రం ఊడకుండా గుచ్చే కడసీల కనబడలేదట. ఆ కడసీల ఆంజనేయ కూర్చున్న చోట అతని కిందే ఉండటం పుల్లయ్య చూశాడు. పొద్దు నడినెత్తికి వచ్చింది. కూతురికి ఏమైనా అయితే ఆ పాపం తన నాలుకదేనని దారి పొడుగునా తనను తానే తిట్టుకున్నాడు.

ఉత్త చేతులతో ఇంటికి వచ్చేసరికి పెద్ద ఈరన్నను కూడా మంచం మీద మోసుకొచ్చి వాకిట్లో దించారు. అప్పుడు తిరుపతమ్మ గోడ పట్టుకుని మెల్లగా బయటికి వచ్చింది.

"పెదనాయనా, నీకు తన్ను కావల్లంటే ముందు బిడ్డ బతకల్ల గదా. ఈడనే ఉంచితే నేనూ ఉండను, బిడ్డా ఉండదు. అప్పుడు నిన్ను ఎవురు తంతారు?"

పక్కన నిలబడిన దౌలత్ బీ అవునన్నట్టు తల ఊపింది. ఇలా ఎవరూ ఆలోచించలేదు.

అరగంటలో గూడుబండి వచ్చింది. దాని వెనక మరో పది బళ్ళు వచ్చాయి. ఎవరి తన్నుకు వాళ్ళే కాపలా అని అందరూ బయలుదేరారు. కడసీల దొరికింది. దాసన్న కుంటి ఎద్దు అన్నిటికంటే ముందు నడిచింది. తిరుపతమ్మ కింద నాలుగు బొంతలు పరిచి, పక్కన దౌలత్ బీని కూర్చోబెట్టారు. తొందరగా చేరాలని, వెనక బండిలో పడుకోబెట్టిన ఈరన్న నాపరాళ్ళ గనుల మీదుగా అడ్డదారి పట్టించాడు. వంక దిగేచోట బళ్ళన్నీ వరసగా ఎగిరిపడ్డాయి. తిరుపతమ్మ కడుపు పట్టుకుని, "నాయనా, లోపల ఏందో పొర్లినట్లయింది" అంది. పుల్లయ్య పై ప్రాణాలు పైనే పోయాయి. గుర్తొచ్చిన దేవుళ్ళందరికీ మొక్కి, చివరికి ఇక జన్మలో నోరు తెరవనని కూడా మొక్కుకున్నాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ నిదానంగా చూసి బయటికి వచ్చింది. బిడ్డ తిరిగిందని, తల కిందికే ఉందని, నెలలు నిండే ముందు కొందరు తమంతట తామే తిరుగుతారని, ఇక భయం లేదని చెప్పింది. పుల్లయ్య అక్కడే కూలబడి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

బయట పదకొండు బళ్ళవాళ్ళూ దాదాపు ఏడ్చినంత పని చేశారు, కారణం వేరు. పెద్ద ఈరన్న బండిలోంచి దూకి, గబగబా మెట్లెక్కి, డాక్టరమ్మకు అడ్డం నిలబడ్డాడు.

"మళ్ళా ముందు మాదిరే తిప్పమ్మా. నీకు పుణ్యముంటాది."

ఎందుకని ఆమె అడిగింది. నడుం పట్టేసి మూడు నెలలుగా మంచం దిగలేదని, ఈరన్న నిటారుగా నిలబడి విన్నవించుకున్నాడు. డాక్టరమ్మ ఆయన్ను కింది నుంచి పైదాకా చూసింది. జనమంతా చూశారు. చివరికి ఈరన్న కూడా తనను తాను చూసుకున్నాడు. మర్యాదకోసం ఒకసారి వంగి చూశాడు గాని నొప్పి రాలేదు.

ఆరో రోజు తిరుపతమ్మ సుఖంగా ఆడపిల్లను కన్నది, తలే ముందు వచ్చింది. పుల్లయ్య తన మొక్కును బారసాల దాకా వాయిదా వేసుకుని, ఆ సంగతి ఇంటింటికీ తిరిగి చెప్పుకున్నాడు.

మరుసటి ఏడు ఆ వంక దగ్గర బాట చదును చేసి కంకర పోయిస్తామని ఓవర్సీరు వస్తే, వద్దని మొదటి అర్జీ పెట్టింది పెద్ద ఈరన్నే.