షాహనా మిషన్, హనీఫా ఐసుగడ్డ

ఆ ఆదివారం పొద్దున హనీఫా వేసుకున్న పథకం చాలా చిన్నది. వాకాడు నుంచి ఖాదర్ బాషా కుటుంబం భోజనానికి వస్తుంది. చేపల పులుసు తింటారు. కూతురు షాహనాకీ, వాళ్ళబ్బాయి అజ్మల్‌కీ పెళ్ళి ఖాయం చేసుకుని వెళతారు. పిల్లలిద్దరూ ఇప్పటికే ఇష్టపడ్డారు కనుక పెద్దవాళ్ళు నోరు జారకుండా ఉంటే చాలు. కోట ఊళ్ళో ఐసు ఫ్యాక్టరీ నడిపే మనిషికి ఆ మాత్రం చల్లగా ఉండటం కష్టం కాదనుకున్నాడు.

తేడా పులుసు దగ్గర వచ్చింది. ఖాదర్ బాషాకి ఎప్పుడో హనీఫా తల్లి చేతి పులుసు తిన్న రుచి ఇంకా నాలుక మీదే ఉంది. ఆమేమో ఉమ్రా యాత్రకి మక్కా వెళ్ళింది, ఫోను కలవడం లేదు. ఎలా చెయ్యాలో ఒకసారి వాయిస్ మెసేజ్‌లో చెప్పింది గానీ అది ఎవరికి పంపిందో ఎవరికీ గుర్తులేదు.

"ఎందుకు కంగారు? నా మిషన్‌ని అడుగుదాం," అంది షాహనా.

ఇంటి నుంచే కంప్యూటర్ ఉద్యోగం చేసే షాహనా హాల్లో ఓ మూల ఖరీదైన గ్రాఫిక్స్ కార్డున్న పెట్టె పెట్టుకుంది. బంధువులందరి ఫోన్లూ నిండిపోయి మొరాయిస్తుంటే వాళ్ళ వాయిస్ మెసేజ్‌లన్నీ అందులోకి మార్చి పుణ్యం కట్టుకుంది. ఆపైన వాటిలో వెతికే ఇంజన్ ఒకటి తయారుచేసింది. పెట్టె ఎంత చురుకైనదో అంత వేడెక్కుతుంది. అందుకని దాని ముందు ఫ్యాక్టరీ ఐసు నింపిన టబ్బు, టబ్బు వెనక టేబుల్ ఫ్యాను.

"మనం అడిగిన మాటలే అందులో ఉండక్కర్లేదు నాయనా. అర్థం దగ్గరగా ఉంటే పట్టేస్తాది. ఎంతమంది ఒకేసారి అడిగినా సరే, ఒకరి కోసం ఒకరు ఆగే పనిలేదు," అంటూ ఆమె అందరి ఫోన్లకీ లింకు పంపింది.

అడగడమే ఆలస్యం, పెద్దావిడ గొంతు హాలంతా మోగింది. "మామిడికాయ ముక్కలు దించబోయే ముందు వెయ్యాల. గరిటె పెట్టకూడదు. ముంతాజ్‌కి మాత్రం చెప్పొద్దు, అది తిప్పిందంటే చేపముల్లు కూడా మిగలదు."

ముంతాజ్ అంటే హనీఫా భార్య. ఆ క్షణాన గరిటె ఆమె చేతిలోనే ఉంది.

ఆమె గరిటె పక్కన పెట్టి ఫోను అందుకుంది. "నా వంట బాగలేదని ఇంకా ఎవరెవరు అన్నారో చెప్పు!"

ఈసారి పలికింది హనీఫా అక్క బీజాన్ గొంతు. "తమ్ముడింట్లో తిన్నాలే. ఇంటికొచ్చి మళ్ళీ మజ్జిగన్నం కలుపుకున్నా." అందులో వంట అన్న మాటే లేదు. అయినా అర్థం కానిదెవరికి? వెల్లుల్లి ఒలుస్తూ పక్కనే కూర్చున్న బీజాన్‌కి మరీ బాగా అర్థమైంది.

"నన్నెవురూ ఏమీ అనలేదా?" అని ఆమె తన ఫోన్లో అడిగింది. ముంతాజ్ తమ్ముడు షాహుల్ గొంతు వచ్చింది. "బీజానక్క వస్తా ఉందంట. నేను మద్రాసు పోయినానని చెప్పు." మద్రాసు పోని షాహుల్ గుమ్మంలో పెరుగు గిన్నెతో నిలబడి ఉన్నాడు. కాసేపటికి అతనూ ఫోను తీశాడు.

షాహనా పాత కంప్యూటర్ ఒక్క జవాబు చెప్పేసరికి అడిగినవాళ్ళ కోపం కాస్తా చల్లారేది. ఇప్పుడు మూడు తగాదాలు పక్కపక్కనే పరిగెడుతున్నాయి, ఏదీ దేనికోసమూ ఆగడం లేదు.

అప్పుడు హనీఫాకి ఒక సంగతి గుర్తొచ్చింది. కిందటి నెల ఖాదర్ బాషా గురించి షాహుల్‌కి తానే వెక్కిరిస్తూ ఒక మెసేజ్ పెట్టాడు. కూతుర్ని పక్కకి పిలిచి చెవిలో ఊదాడు.

"ఎంత పని చేసినావు నాయనా!" అంది షాహనా. గబగబా టైపు చేసింది. "తీసెయ్యమని చెప్పినా. కానీ ఎవరన్నా అడుగుతున్నంతసేపు ఆ పని ఆగుతాది. వింటున్నవాళ్ళ దగ్గర్నుంచి లాక్కోకూడదని నేనే అట్టా రాసినా."

"ప్లగ్గు పీకేస్తే?"

"వద్దొద్దు, నా ఆఫీసు పనంతా పోతాది. బాగా వేడెక్కితే అదే అన్నీ సర్దుకుని పడుకుంటాది."

హనీఫాకి దారి దొరికింది. ఐసు టబ్బు ఎత్తుకుని గుమ్మం దాటాడు. మెట్ల మీద అజ్మల్‌నీ ఇంట్లోవాళ్ళనీ వెంటబెట్టుకుని ఖాదర్ బాషా ఎదురయ్యాడు.

"ఇంత ఐసు పారబోస్తా ఉండావా హనీఫా? పాపం తగలదా!"

హనీఫా నీళ్ళు నమిలేలోగా ఆయన టబ్బుకి రెండో వైపు పట్టాడు. అది ఎక్కడిదో కనుక్కుని, తీసుకెళ్ళి అక్కడే పెట్టి, గాలి వృథా కాకుండా ఫ్యాను కూడా సరిచేశాడు. తర్వాత ఆ పెట్టె ఏమిటని అడిగాడు.

"ఏది అడిగినా చెప్తాదన్నా. మీరూ అడగండి," అంది బీజాన్ పళ్ళు కొరుకుతూ.

ఖాదర్ బాషా గొంతు సవరించుకున్నాడు. కోడలిగా వచ్చే పిల్ల ఎలాంటి మనుషుల మధ్య పెరిగిందో అన్నదే ఆయన బెంగ. "దుబారా చెయ్యని మనిషి ఎవరన్నా ఉండారా?"

వెక్కిరింపుకీ మెచ్చుకోలుకీ తేడా మిషన్‌కి తెలియదు. హనీఫా గొంతుతోనే చెప్పింది: "ఖాదర్ బాషానా? ఆయన చేతిలో ఐసుగడ్డ పెట్టినా ఒక్క చుక్క కింద పడనియ్యడు!"

తగాదాలన్నీ ఆగిపోయాయి. షాహనా కళ్ళు మూసుకుంది. అజ్మల్ సీలింగ్ వైపు చూశాడు. పెళ్ళి చేజారిపోయిందని హనీఫాకి ఏడుపొచ్చినంత పనైంది.

ఖాదర్ బాషా కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. "ఇంట్లోవాళ్ళందరూ నన్ను పిసినారి అంటారు. నా ఎనకమాల నన్ను మెచ్చుకున్న మనిషివి నువ్వొక్కడివే హనీఫా! అమ్మా, ఇంకోసారి వినిపించు."

కానీ ఆ కాసేపు ఎవరూ ఏమీ అడగలేదు కదా, అప్పటిదాకా వరసలో నిలబడ్డ తీసేసే పని కాస్తా పూర్తయిపోయింది. ఆ మెసేజ్ లేదు. మిషన్ దానికి దగ్గరగా ఉన్న ఇంకోటి అందుకుంది. ముంతాజ్ గొంతు వినిపించింది. "మీ బావ సంగతి నీకు తెలీందా షాహులూ? ఐసు ఫ్యాక్టరీ పెట్టినాక ఇంట్లో ఫ్రిజ్ ఆపేసినాడు. మిగిలిన ఐసు తెచ్చి పెడతాడు, కరెంటు దండగంట."

హనీఫాకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఖాదర్ బాషా మాత్రం లేచి వచ్చి అతన్ని గట్టిగా వాటేసుకున్నాడు.

"ఇంకేం చూడాల? సంబంధం ఖాయం!"

ఆ మధ్యాహ్నం పులుసులో చేప ముక్క ఒక్కటీ నిలవలేదు. అయినా బాగుందనే అన్నారు అందరూ, మిషన్ వైపు ఓసారి చూసి. భోజనాలయ్యాక వియ్యంకులిద్దరూ టబ్బులో కరిగిన నీళ్ళతోనే చేతులు కడుక్కున్నారు.