మూడు మోపుల పాట

"ఆదివారం పొద్దు వాలే యాళ్లకు గడీల పాట పుట్టబోతాంది! అమరేందర్‌రావు దొరవారు స్వయంగ కట్టిన పాట! ఊరు ఊరంత హాజరై ఆశ్చర్యపోవాలె! ఆశ్చర్యపోనోళ్లు రెండు దినాలు వెట్టి చెయ్యాలె!"

రామన్నపేటకు ఆరు కోసుల దూరంలో ఉన్న ఆ ఊళ్లో తుడుం మోగేసరికి, ఇంకా పుట్టని పాటకు జనం అప్పుడే ఆశ్చర్యపోవడం మొదలుపెట్టారు. ఒక్క ఇస్రాయేలు గుండెలో మాత్రం రాయి పడింది. ఆ పాటను కనవలసినవాడు అతనే మరి!

సంగతేమంటే, గడీలో ఉన్న హార్మోనియం పెట్టె ఊరవతలి వాడలోని ప్రార్థన పాకది. మిషన్ అమ్మగారు ఇస్రాయేలుకు వాయించడం నేర్పి, వెళ్లిపోతూ పెట్టెను అతని చేతిలో పెట్టింది. "వాడల బాజా మోగుడు, గడీ మూగగ ఉండుడు! ఇదేం న్యాయం?" అని దొర న్యాయం కోసం తపించిపోయి, దాన్ని గడీకి మోయించుకున్నాడు. మోసింది కూడా ఇస్రాయేలే. ఇప్పుడు జిల్లాకు పెద్ద అధికారి తాలూక్‌దార్ సాబ్ వస్తున్నాడు. ఆయనకు సంగీతమంటే ప్రాణమని ఎవరో దొర చెవిన వేశారు. ఇంకేం, దొర వాగ్గేయకారుడు కాక తప్పలేదు!

"ఏందిరా ఇస్రాయేలూ, పాటెట్ల కడ్తరు?"

"మూడేసి మెట్లు ఒక్కపారి ఒత్తాలె దొరా. దాన్ని నేను మోపంట. గసుంటి మోపులు మూడుంటే సాలు. ముందుగాల వాటిని వరుసగ పేర్చుకోవాలె, గుడిసెకు గుంజలు పాతినట్టు. ఎన్క రాగం పైన కప్పుకోవచ్చు."

"గంతేనా! పుట్టినకాన్నించి మోపులు ఎత్తించుడే గద నా పని!"

ఇస్రాయేలు చేతులు కట్టుకున్నాడు. "దొరా, పాట కుదిరితే మా పెట్టె మాకిస్తరా? క్రిస్మసు దగ్గరికొచ్చె."

"సాబ్ మెచ్చుకోనీ, ఇస్త పో."

ఆరు రోజులు పాఠం సాగింది. ఇస్రాయేలు మొదటి మోపు మెట్లకు పసుపు బొట్లు పెట్టాడు, రెండోదానికి ఎర్ర జాజు, మూడోదానికి బొగ్గు. రెండు మోపుల్లోనూ ఉన్న మెట్లకు రెండేసి బొట్లు. పసుపు, జాజు, బొగ్గు, మళ్లీ పసుపు. ఆ వరుస మీద అతనొక రాగం అల్లాడు. ఏడాది తరువాత తన పెట్టె తన వేళ్ల కింద పలికినందుకు అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

తిత్తి కొట్టడం వెట్టి గనక ఇస్రాయేలు పని. బొట్లు చూసి మెట్లు ఒత్తడం కళ గనక దొర పని. పాఠం ముగియగానే దొర తన వేళ్లను అనుమానంగా చూసుకునేవాడు. ఇస్రాయేలు ముట్టిన మెట్లను ముట్టినవాయె! గడీలో పనిచేసే బాలనర్సమ్మ చెంబుతో సిద్ధంగా ఉండేది.

"నీళ్లు తేవాల్నా దొరా?"

"తేవాలె మరి!"

ఆదివారం వచ్చింది. తాలూక్‌దార్ గుర్రం పొలిమేరలో కనిపించగానే దొరకు శుద్ధి గుర్తొచ్చింది. "మైలపెట్టెను సాబ్ ముంగట పెడ్తమా? ఇయ్యాల చేతులు గాదే, పెట్టెనే కడుగు!"

బాలనర్సమ్మ మాట జవదాటే మనిషి కాదు. కుంకుడు నురగలో ముంచిన గుడ్డతో మెట్టు మెట్టునూ తోమింది. పసుపు పోయింది, జాజు పోయింది, బొగ్గు పోయింది.

తిత్తి దగ్గర కూచున్న ఇస్రాయేలు అది చూసి నీరుగారిపోయాడు. "దొరా, బొట్లు..."

"నోర్మూసుకొని తిత్తి కొట్టు!"

దొర కళ్లు మూసుకొని వేళ్లు దించాడు. మొదటి దెబ్బకు పావురాలు లేచిపోయాయి. రెండోదానికి గుర్రం కట్టుకొయ్య పీక్కుంది. మూడోది మోపు కాదు, ముళ్లకంప! ఊరు మాత్రం హుకుం ప్రకారం ఆశ్చర్యపోయింది. పటేల్ మల్లప్ప వెట్టి భయానికి ఆనందబాష్పాలు కూడా రాల్చాడు.

తాలూక్‌దార్ చెవుల్లోంచి వేళ్లు తీశాడు. "యే క్యా హై? ఎవరు కట్టిన్రు గిది?"

"ఇస్రాయేలు, సాబ్!" దొర తడుముకోలేదు. "మొత్తం వాడే కట్టిండు, నాదేం లేదు. వాడు ముట్టి పెట్టెను మైల జేసిండు. అందుకే గిట్ల ఒర్లుతాంది!"

"మైలదైతే గడీల ఎందుకు? జల్దీ వాపస్ చెయ్! మళ్ల నా చెవిన పడొద్దు!"

ఆ రోజు ఊళ్లో నిజంగా ఆశ్చర్యపోయినవాడు ఇస్రాయేలు ఒక్కడే. దొర మాట మార్చేలోగా పెట్టెను నెత్తికెత్తుకొని, వెనక్కి చూడకుండా వాడ చేరాడు.

క్రిస్మసు పొద్దున ఆ మూడు మోపుల మీద వాడ వాడంతా పాడింది. మధ్యాహ్నమైనా ఆడవాళ్లు ఆ పాట విడవలేదు. పండుగైనా వెట్టికి సెలవు లేదు గనక ఇస్రాయేలు కట్టెల మోపుతో గడీకి వచ్చాడు. వాకిట్లో దొర, భువనగిరి నుంచి వచ్చిన చుట్టాలు కూచుని ఉన్నారు. గాలివాటుకు పాట గోడ దాటి వస్తున్నది.

"ఎంత కమ్మగున్నది! ఎవరిది బావా గా పాట?" అన్నాడు ఒక చుట్టం.

దొర మీసం దువ్వాడు. "ఎవరిదేంది? నాదే! నేనే కట్టిన! పాడుకోనీలే అని ఊకున్న."

ఇస్రాయేలు మోపు దించాడు. బాలనర్సమ్మ అలవాటు ప్రకారం చెంబుతో వచ్చి, ఎంతో వినయంగా అడిగింది.

"పాట వాడల నుంచి వచ్చి మీ చెవులల్ల పడ్డది. నీళ్లు తేవాల్నా దొరా?"